అంచనా తప్పిన చోటు

డేటాబేస్‌ను అడిగే ఒక ప్రశ్నకు, అంటే క్వెరీకి, జవాబు తెచ్చే దారులు చాలా ఉంటాయి. వాటిలో ఏది చవకో క్వెరీ నడవకముందే లెక్కగట్టి ఎంచేది ప్లానర్. 1979లో ఐబీఎం సిస్టమ్ ఆర్ పరిశోధకులు, పట్రీషియా సెలింజర్ తదితరులు, ప్రకటించిన ఈ పద్ధతే నేటి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కూ పునాది.

ఆ ఎంపిక తప్పితే క్వెరీ నెమ్మదిస్తుంది. కానీ పూర్వపక్షి వాదన ఇది: “అండమాన్‌లో క్వెరీ నెమ్మదించిందంటే తప్పు నెట్‌వర్క్ లైనుదే.”

సిద్ధాంతి కొంత ఒప్పుకుంటాడు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, మరో ఏడు దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా అక్కడ ఉపగ్రహ లింకులే ఆధారం. “అయినా ఊహించడం దేనికి? ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఆదేశం చూపే సమయం సర్వర్‌లో పట్టినదే. జవాబు లైను మీద ప్రయాణించిన సమయం అందులో కలవదు. సర్వర్‌లో రెండు సెకన్లు, తెర మీద ఇరవై అయితే లైనునో అప్లికేషన్‌నో చూడాలి. సర్వర్‌లోనే ఇరవై అయితే ప్లానర్ ఎంచిన దారిని, అంటే ప్లానును, విప్పాలి.”

తర్కశాస్త్రం ప్రకారం చూస్తే ప్లానర్ అంచనానే చూపే వట్టి ఎక్స్‌ప్లెయిన్ అనుమాన ప్రమాణం. అనలైజ్ చేరిస్తే ప్రత్యక్షం. క్వెరీని నిజంగానే నడిపి, ప్రతి మెట్టులోనూ అంచనా వరుసల పక్కన అసలు వరుసలు చూపుతుంది. నిజంగా నడుపుతుంది గనుకే డిలీట్, అప్‌డేట్‌లను ట్రాన్సాక్షన్‌లో పెట్టి రోల్‌బ్యాక్ చేయాలి. ప్లానును కింది మెట్టు నుంచి పైకి చదువుతూ ఆ రెండు అంకెలూ మొదట ఎక్కడ విడిపోయాయో పట్టుకోవడమే రోగనిర్ధారణ.

ఉదాహరణకు, 2011 జనగణనలో అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. నికోబార్ జిల్లాలో 36,842 మంది; వారిలో కార్ నికోబార్ తహసీల్ వారు 17,841. మనిషికో వరుస ఉన్న టేబుల్‌ను ఈ జిల్లా, ఈ తహసీల్ అని రెండు షరతులతో అడిగితే, ప్లానర్ రెండు నిష్పత్తులనూ గుణించి 1,727 వరుసలే వస్తాయనుకుంటుంది. అసలు దానికి పది రెట్లు. వాటిని మరో టేబుల్‌తో కలపాల్సి వస్తే, కొద్ది వరుసలే కదా అని, ప్రతి వరుసకూ లోపలి టేబుల్‌ను వెతికే నెస్టెడ్ లూప్ ఎంచుతుంది. లోపలి టేబుల్‌ను 17,841 సార్లు వెతుకుతుంది. హాష్ జాయిన్ అయితే ఒక్కసారి చదివితే సరిపోయేది. పైన మరిన్ని జాయిన్లుంటే తప్పు రెట్టింపులై పెరుగుతుంది.

“అయితే ప్లానర్ దగ్గరున్న గణాంకాలే అబద్ధం!”

“ఆ రెండు నిష్పత్తులూ నిజాలే. ఒకదానికొకటి సంబంధం లేదనుకోవడమే అబద్ధం. కార్ నికోబార్ మనిషి నికోబార్ జిల్లా మనిషి కాకుండా ఎలా ఉంటాడు?”

“నెస్టెడ్ లూప్‌ను ఆపేస్తే పోలేదా?”

పరీక్షకైతే సరే, మందుగా పనికిరాదు. అది సరైన దారి అయిన క్వెరీలూ కుంటుపడతాయి. ముందు గణాంకాల వయసు చూడాలి. పోస్ట్‌గ్రెస్ డిఫాల్టుగా పదో వంతు వరుసలు, పైన 50 మారితేనే తనంతట తాను అనలైజ్ నడిపి గణాంకాలను మళ్లీ సేకరిస్తుంది. ఈ టేబుల్‌కు అది 38,108. అంటే నికోబార్ జిల్లా మొత్తాన్ని సవరించినా గణాంకాలు పాతవే మిగలవచ్చు! ఆ పూట అనలైజ్‌ను చేత్తో నడపాలి.

గణాంకాలు తాజావైనా తప్పు అలాగే ఉంటే, తహసీల్‌ను బట్టి జిల్లా తేలుతుందని చెప్పాలి. అందుకు 2017లో పదో వెర్షన్‌తో వచ్చిన క్రియేట్ స్టాటిస్టిక్స్ ఆదేశం ఉంది. తర్వాత అనలైజ్ నడిపితే అంచనా 17,841 దరిదాపులకు వస్తుంది.

పూర్వపక్షి చివరి ప్రశ్న పదునైనది: “దక్షిణ అండమాన్ జిల్లాలో కార్ నికోబార్ తహసీల్ అని తప్పుగా అడిగితే?”

తహసీల్‌ను బట్టి జిల్లా అనే ఆ ఆధార సంబంధం షరతులు పొసగుతాయనే నమ్ముతుంది. సున్నాకు బదులు మళ్లీ పదిహేడు వేలు చెబుతుంది. 2019 నాటి 12వ వెర్షన్ నుంచి అదే ఆదేశంతో తరచు కనిపించే విలువల జతల జాబితానూ దాచవచ్చు. దీవుల తహసీళ్లు కొద్దే గనుక ఉన్న జతలన్నీ అందులో పడతాయి. లేని జతకు అంచనా ఒక్క వరుసకు దిగుతుంది.