పెళ్లిలో ఎవరో అడిగే ర్యాంకు

ఉగాది సంచికకు వ్యాసం ఇవ్వాల్సిన గడువు ఏటా పీయూసీ పరీక్షల నడుమే వచ్చి పడుతుంది. బీదర్‌ తెలుగువాళ్లలో నాలుగు మాటలు రాయగలిగిన తల్లులంతా అప్పుడు హాల్‌టికెట్ల హడావిడిలో ఉంటారు. ఈసారి విలువల మీద రాయమని సంపాదకుడు పురమాయిస్తే, రచయిత్రి కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. నీట్‌కు చదువుతున్న కూతురు పక్క గదిలోంచి వచ్చి, "అమ్మా, సీటు రాకపోతే హైదరాబాద్‌లో పెళ్లికి నేను రాను, సరేనా?" అంది. వ్యాసం అక్కడే దారి మళ్లింది.

ఆ పిల్ల భయపడుతున్నది పరీక్షకు కాదు, భోజనాల బంతిలో పక్కన కూర్చునే పెద్దమ్మకి. "మావాడికి ఎంసెట్‌లో ఇంత. మీ అమ్మాయికి సీఈటీలో ఎంతే?" అన్న ఒక్క ప్రశ్నతో రెండేళ్ల చదువు నీరుగారిపోతుంది.

ఆ ప్రశ్నలో అసలు లెక్కే తప్పు. తెలంగాణ 2023 నుంచి ఎంసెట్‌ ర్యాంకులో ఇంటర్‌ మార్కుల వెయిటేజీ తీసేసింది. కర్ణాటక సీఈటీలో ఇంజినీరింగ్‌ ర్యాంకుకు పీయూసీ మార్కులు సగం, సీఈటీ మార్కులు సగం. అక్కడి ఐదువేలూ ఇక్కడి ఐదువేలూ ఒకే త్రాసులో తూగవు. పైగా అసిస్టెంట్‌ కమిషనర్‌ ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకున్న 371-జె సర్టిఫికెట్‌ ఉండనే ఉంది. 98వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఆ ఏర్పాటు వల్ల కళ్యాణ కర్ణాటక కాలేజీల్లో 70 శాతం సీట్లు, మిగతా రాష్ట్రంలో 8 శాతం ఇక్కడి పిల్లలకే. ఈ సంగతి హైదరాబాద్‌ పెద్దమ్మకు తెలియదు. తెలిసిన తల్లిదండ్రులు కూడా నోరు మెదపరు.

ఒకే పరీక్షలోనైనా ఏడాదికీ ఏడాదికీ పొంతన ఉండదు. నీట్‌ 2024 తొలి ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. గొడవలు, కోర్టు విచారణ అయ్యాక సవరించిన జాబితాలో ఆ సంఖ్య 17కు దిగింది. మరుసటి ఏడాది దేశంలో మొదటి ర్యాంకుకు వచ్చిన మార్కులే 686. "నిరుడు మా బావగారి అబ్బాయికి 650" అనే మాటతో ఈ ఏటి పిల్లను కొలవడం ఎంతవరకు సబబు?

ఈ ర్యాంకుల పోటీ కోసమే పిల్లల్ని హాస్టల్లో వేసేవాళ్లున్నారు. రెండు వైపులా చూడాలి కాబట్టి హాస్టల్‌ పక్షాన చెప్పాల్సినదీ ఉంది. పదో తరగతి కాగానే జహీరాబాద్‌ దాటించి హైదరాబాద్‌ కాలేజీలో వేస్తే ఫోను గోల ఉండదు, వారం వారం పరీక్షలు ఉంటాయి, పోటీ అలవాటవుతుంది. అలా వెళ్లి డాక్టరైనవాళ్లు ఇక్కడి తెలుగు ఇళ్లలో ఉన్నారు.

అయితే ఆ హాస్టళ్ల లోపలి సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విశాఖలో నీట్‌ కోచింగ్‌కు వెళ్లిన పదిహేడేళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జూలై 25న కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దని, నలుగురిలో అవమానించొద్దని, పిల్లలు నూరుగురు, ఆపైన ఉన్నచోట కౌన్సెలర్‌ ఉండాలని చెప్పింది. ఇంత చిన్న సంగతులు కూడా కోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, పొరుగింటి పుల్లకూర రుచి అనుకుని పిల్లల్ని పంపేవాళ్లు ఒక్కసారి ఆగాలి.

ఆలస్యమైతే అంతా అయిపోయినట్టే అనే భయానికి జవాబు బీదర్‌లోనే ఉంది. అబ్దుల్‌ ఖదీర్‌ 1989లో మొదలుపెట్టిన షాహీన్‌ సంస్థలు మదర్సాల్లో ఖురాన్‌ కంఠస్థం చేసి, లెక్కలూ సైన్సూ ముట్టని పిల్లల్ని చేర్చుకుని, మొదటి మెట్టు నుంచి నేర్పాయి. వాళ్లలో కొందరు నీట్‌ రాసి ఎంబీబీఎస్‌లో చేరారు. అక్కడా హాస్టలే, కట్టుబాట్లు గట్టివే. కానీ వెనకబడిన పిల్లవాణ్ని వాడున్న చోటి నుంచే మొదలుపెట్టించారు. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్‌ తప్పిందని పిల్లను ఇప్పటికీ దెప్పే ఇళ్లు ఆ మాట గమనించాలి.

మెడిసిన్‌ ఒక్కటే చదువు అన్నట్టు మాట్లాడుకునే ఈ ఊళ్లోనే రాష్ట్ర పశువైద్య విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం ఉంది. అది ఉన్న నందినగర్‌ మీదుగా ఎన్నిసార్లు వెళ్లినా, పెళ్లిలో ఎవరూ వెటర్నరీ మాట ఎత్తరు.

ఇక దాచుకునేదేముంది, రచయిత్రి మొగ్గు ఇంటివైపే. పీయూసీ రెండేళ్లూ పిల్ల అమ్మ చేతి అన్నం తింటూ బీదర్‌లోనే చదవాలని ఆవిడ గట్టి నమ్మకం. 2024, 2025లలో పీయూసీ బోర్డు ఏటా మూడు పరీక్షలు పెట్టి, ఎక్కువ వచ్చిన మార్కుల్నే లెక్కలోకి తీసుకుంది. బోర్డే మళ్లీ రాసే అవకాశమిస్తుంటే ఇంట్లో ఒక్క ఫలితానికే తీర్పు చెప్పడం ఆవిడకు మింగుడుపడదు. రాత్రుళ్లు నిద్రపట్టక, "నావల్ల కాదు" అనడం మొదలుపెడితే పిల్లే కాదు, తల్లయినా టెలి మానస్‌ 14416కు ఫోన్‌ చేయొచ్చు. అది ప్రభుత్వ సేవ, ఖర్చు లేదు.

తెలుగు సంఘం వాట్సాప్‌ గ్రూపుకు ఆవిడ ఒక్క విన్నపం చేస్తున్నారు: ఈసారి ఫలితాల రోజున ఎవరూ మార్కుల కార్డు ఫొటో పెట్టొద్దు. ఎవరైనా అడిగితే, కౌన్సెలింగ్‌ అయ్యాక పిల్ల ఏ కాలేజీలో చేరిందో చెబితే సరిపోతుంది.