గేర్‌బాక్స్ దించే ముందు

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు వింటే, జ్వరం వచ్చిన పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడిలా ఉన్నావు. సెల్లార్‌లో కారు కింద అరచేతి మేర నల్లటి మరక పడిందన్నావు. షెడ్డులో ఒక్కసారి కిందికి తొంగి చూసి "క్రాంక్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి" అన్నారని చెప్పావు. ఇప్పుడే దించనివ్వకు. వాళ్ల మాట నిజమే కావచ్చు. అది నిజమని నీ కళ్లతో చూసేదాకా మాత్రం బండి మీద పానా పడనివ్వకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో విను. విజయవాడ ఆటోనగర్‌లో సొంతంగా పని పట్టిన కొత్తలో, టాక్సీ నడుపుకునే ఒకాయన నా దగ్గరికి తన వ్యాన్ తెచ్చాడు. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట అడుగున ఆయిల్ చుక్కలు. నేను ఇంకేమీ చూడలేదు. గేర్‌బాక్స్ దించి, కొత్త సీల్ వేసి, మళ్లీ ఎత్తి బిగించేసరికి మూడు రోజులు పట్టింది. ఆయనకు మూడు రోజుల కిరాయి పోయింది, పైగా నా కూలీ. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఒక్క మాట అనకుండా, రాత్రి బండి కింద పరిచిన పేపర్ తీసి నా ముందు పెట్టాడు. అదే చోట అవే చుక్కలు. తీరా వెతికితే, పైన ట్యాపెట్ కవర్ వెనక మూలలో ప్యాకింగ్ ఎండి బిరుసెక్కి పగిలింది. ఆయిల్ అక్కణ్ణించి సన్నటి గీతలా ఇంజన్ వెనక జారి కిందికి వస్తోంది. గంట పని అది. కూలీ డబ్బులు తిరిగి ఇచ్చాను. ఆ మూడు రోజులు మాత్రం ఇవ్వలేకపోయాను. ఆ పేపర్ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

ఆయిల్ కిందికి జారుతుంది. బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. కాబట్టి మరకను చూసి లోపం చెప్పడం కుదరదురా. తడిసిన భాగాల్లో అన్నిటికంటే పైన ఎక్కడ తడి ఉందో అక్కడ వెతకాలి.

ముందు ఆ కారేది ఏమిటో తేల్చుకో. రాత్రికి ఇంజన్ కింద తెల్లటి అట్ట పరుచు. గోధుమ రంగో నలుపో ఉండి జిడ్డుగా ఉంటే ఇంజనాయిల్. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో పల్చగా ఉంటే కూలెంట్. ఉత్త నీళ్లయితే ఏసీవి, వాటితో భయం లేదు. తర్వాత డిప్‌స్టిక్ చూడు. బండి చదునైన నేల మీద ఉండాలి, ఇంజన్ ఆపి పది నిమిషాలు కావాలి. నీలాంటి చిన్న పెట్రోల్ బండిలో మొత్తం పట్టేదే మూడు, మూడున్నర లీటర్లు. అందులో లీటరు పోయినా ఇంజన్‌కు కష్టమే. తగ్గితే కొద్దికొద్దిగా పోసి చూసుకో. భయపడి పై గీత దాటించకు, ఎక్కువైతే ఆయిల్ నురగ కడుతుంది.

ఈ మధ్య ఆయిల్ మార్పించావా? మార్పించి ఉంటే ముందు అక్కడే చూడాలి. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతుంది ఒక్కోసారి. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ కారి తీరుతుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. అది చవకే అయినా చాలామంది పాతదే వేసి, కారకుండా పానాతో బలంగా బిగిస్తారు. అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ అల్యూమినియందైతే మర పోతుంది.

అక్కడ ఏమీ లేకపోతే ఇంజన్ శుభ్రం చేయించు. అల్టర్నేటర్‌కూ వైర్ల జాయింట్లకూ కవర్లు కట్టి, డీగ్రీజర్ కొట్టి బ్రష్‌తో తుడవాలి. ఆరాక ఇరవై ముప్పై కిలోమీటర్లు తిప్పి, టార్చిలైటుతో పై నుంచి కిందికి వెతుకు. శుభ్రమైన లోహం మీద కొత్త తడి ఇట్టే తెలుస్తుంది. అప్పటికీ దొరక్కపోతే ఆయిల్‌లో కలిపే రంగు మందు ఉంది, అల్ట్రావయొలెట్ లైటు వేస్తే కారిన దారంతా మెరుస్తుంది.

చాలామంది వదిలేసేది ఒకటుంది. ఇంజన్‌కూ ఊపిరి ఉంటుందిరా. పిస్టన్ రింగులు దాటి కొంత గ్యాస్ ఎప్పుడూ కింది చాంబర్‌లోకి దిగుతూనే ఉంటుంది. అది బయటికి పోవడానికే పీసీవీ వాల్వూ, దాని పైపూ. మడ్డి పేరుకుని అవి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఏ సీల్ బలహీనంగా ఉంటే అక్కణ్ణించి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఆ సీల్ మారిస్తే ఇంకో చోట మొదలు. అందుకే ఏ సీల్ మార్చే ముందైనా ఆ పైపు ఊడదీసి చూడమను. చాలా బళ్లలో ఆ వాల్వును చేత్తో ఊపితే టకటకమనాలి. అది మార్చడానికి అయ్యే ఖర్చు గేర్‌బాక్స్ దించే కూలీలో ఏ మూలకీ రాదు.

ట్యాపెట్ కవర్ ప్యాకింగే అని తేలిందనుకో, కొత్తది వెయ్యమను. పాతదాని మీద సిలికాన్ పేస్టు పూస్తామంటే ఒప్పుకోకు. కంపెనీవాళ్లు పెట్టమన్న మూలల్లో కాస్త పెట్టాలి, అంతే. ఎక్కువైన పేస్టు లోపలికి పొంగి, తునిగి, అడుగున ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడుతుంది. అప్పుడు ఇంజన్‌కే ముప్పు. కవర్ బోల్టులు మధ్య నుంచి అంచులకు, కొద్దికొద్దిగా, టార్క్ పానాతో బిగించాలి. బలం చూపిస్తే కవర్ వంగుతుంది.

పాత బండికి కాస్త చెమ్మ ఉంటే తుడిచి కనిపెట్టుకుంటూ ఉండు. కానీ కాలిన ఆయిల్ వాసన వస్తే, బానెట్ కింద పొగ కనిపిస్తే ఆలస్యం చేయకు. వేడి సైలెన్సర్ పైపు మీద ఆయిల్ పడుతోందంటే మంట లేచే ప్రమాదం ఉంది. నడుస్తుండగా ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే మాత్రం పక్కకు తీసి ఆ క్షణమే ఇంజన్ ఆపెయ్. ఇంటిదాకా పోదాంలే అనుకోకు.

ఇంకొక్క మాట. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరకురా. చక్రాలకు రాళ్లు, కింద గట్టి స్టాండ్లు లేకుండా తల కూడా పెట్టొద్దు. మీ అత్త కూడా ఇదే మరీ మరీ చెప్పమంది.

అన్నీ చూశాక సీలే అని తేలితే దించుదాం, నేనే వచ్చి దగ్గరుండి చేయిస్తాను. ఈ రాత్రికి మాత్రం బండి కింద అట్ట పరిచి, పొద్దున్నే ఫొటో పంపించు.

మీ మామయ్య