విడిచిన వైద్యశాల

మనుష్యులు మసలని యిల్లు పాడుపడునని మన పెద్దలందురు. మరి రోగులు విడిచిన వైద్యశాల మాటయేమి? హైదరాబాదున మూసీ తీరమునందలి ఉస్మానియా ఆస్పత్రి పాతభవనమును తలచినపుడెల్ల మాకీ ప్రశ్న కలుగుచుండును.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. నేటి ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు నాడు 150 మందిని కాచినది. పిమ్మట నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున, విన్సెంట్ ఎష్ రూపకల్పనతో గుమ్మటముల భవనము లేచినది. సుమారు నూరేండ్లు పేదల మూలుగు విన్న ఆ భవనము, 2020 జూలైలో వాననీరు వార్డులలో జొరబడగా ఖాళీయైనది. క్రొత్త ఆస్పత్రికి 2025 జనవరిలో గోషామహలున శంకుస్థాపన జరిగినది.

కట్టడముపై మమకారముతో రోగిని పెచ్చులూడు కప్పుక్రింద పరుండబెట్టుట ధర్మముగాదు. పని తీరినదని దానిని నేలమట్టము చేయుట కృతఘ్నత. రెండును ఋణములే; ముందు తీర్పవలసినది బ్రతికియున్నవాని ఋణము. పిదప పాతగోడలను బాగుచేసి, వానికి తగిన మరియొక సేవ నప్పగింపవలెను. ఊరక నిలిపిన గోడ మరల పాడుపడును గదా!

కోవిల్‌పట్టి, విరుదునగరములలో తరతరములుగా ఇంట తెలుగు నిలుపుకొన్న మనకిది క్రొత్తమాట గాదు. భవనమైనను భాషయైనను పొగడ్తచే నిలువదు, వాడుకచేతనే నిలుచును.