అద్దె గోడకు మేకు

తనది కాని యింటిని తనదివలె తీర్చి దిద్దుకొనుట వివేకమా, వ్యామోహమా? పైకి ఇది సంసారుల చిన్న చిక్కువలె తోచును. మూడు దశాబ్దములు బడిపంతులుగా బదిలీలపై తిరుగుచు ఏడు అద్దె యిండ్లలో కాపురము చేసిన నాకును మొన్నటివరకు అట్లే తోచినది.

గత వేసవిలో మా అమ్మాయియు అల్లుడును హైదరాబాదులోని కూకట్‌పల్లిలో ఒక అపార్టుమెంటున అద్దెకు దిగినారు. రెండు పడకగదులు, ఒక హాలు, వంటగది, బట్టలారవేసికొనుటకు చిన్న బాల్కనీ. రెండు నెలల అద్దె అడ్వాన్సు. ఒప్పందము పదకొండు నెలలకు. (పదకొండేల యని అడుగువారికి: ఏడాదికి మించిన కౌలుపత్రమును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము తప్పక రిజిస్టరు చేయించవలెను. ఆ ఖర్చును, తిరుగుటను తప్పించుకొనుటకే లోకము పదకొండు నెలల లెక్క కనిపెట్టినది.) మేము వెళ్ళునప్పటికి అమ్మాయి టేపు పట్టుకొని కిటికీలు కొలుచుచున్నది. పరదాలట, పుస్తకములకు గోడ అరయట, రెండు పటములట, నాలుగు పూలకుండీలట.

నాకు ఉపదేశము చేయవలెననిపించినది. "అమ్మా, పదకొండు నెలల ముచ్చటకు ఇంత హడావిడి ఎందుకు? గోడ మనది కాదు, నేల మనది కాదు. స్థావరాన్ని పట్టుకోవద్దనే కదా బసవేశ్వరుడు చెప్పింది" అన్నాను.

అమ్మాయి టేపు చుట్టుచునే బదులు చెప్పినది. "నాన్నా, రేపు జంగమయ్య వస్తే ఎక్కడ కూర్చోబెట్టమంటారు? ఇంట్లో చాప కూడా లేదు."

నాకు వెంటనే సమాధానము తోచలేదు. స్థావర జంగమ విచారమును ఎన్నియో సభలలో వినియు, ఇతరులకు వినిపించియు, దానిని ఖాళీ గదికి సాక్ష్యముగా తెచ్చినది నేనే. మన ఇష్టలింగము అరచేతిలోనిది. ఏ యింటికి మారినను మనతోనే వచ్చును. దానికి మేకు అక్కరలేదు, మందిరము అక్కరలేదు. అద్దెకాపురమువానికి ఇంతకంటె అనుకూలమైన పూజ లేదని నేను ఇంటిలో పరిహాసమాడుచుందును కూడ. కాని దేవునికి చోటు అక్కరలేకపోవుట వేరు, మనుష్యునికి అక్కరలేకపోవుట వేరు. దాసోహమనగా వచ్చినవారికి కూర్చుండ పీట, త్రాగ నీరు, పడమటి యెండ మీద పడకుండ ఒక తెర. ఆ తెర అద్దె కిటికీకి కట్టినదైనను నీడ నీడయే.

న్యాయశాస్త్రము ఏమన్నదో చూచినాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము, 108వ సెక్షను. ఒప్పందములో వేరుగా వ్రాసికొననిచో, కౌలుదారు తాను అమర్చినవానిని ఆస్తి తన స్వాధీనమున ఉన్నంతవరకు ఊడదీసికొని పోవచ్చును. ఆ తరువాత వీలులేదు. యిల్లు పుచ్చుకొన్న స్థితిలోనే తిరిగి అప్పగించవలెను, వాడుకవలన కలుగు సహజమైన అరుగుదల తప్ప. ఈ చివరి మాటయొద్ద నేను చాలసేపు ఆగినాను. మనుష్యులు నివసించిన యిల్లు అరుగుననియు, అది తప్పు కాదనియు చట్టమే ఒప్పుకొన్నది. నేను ఒప్పుకొనలేదు.

ఏడు యిండ్లలో ఒక్క మేకు కొట్టనీయలేదు. ఖాళీ చేయునాడు యజమానికి గోడలు చూపి, "చూడండి, ఒక్క గీత లేదు" అని గర్వించెడివాడను. (అయినను ఒకరు సున్నము ఖర్చని అడ్వాన్సులో కోసికొననే కోసికొన్నారు.) నా సహధర్మచారిణికి పెండ్లినాడు వాళ్ళమ్మ ఇచ్చిన కొండపల్లి అంబారీ ఏనుగు ఆ యేండ్లన్నియు ట్రంకుపెట్టెలో పాతచీర చుట్టుకొని పడుకొన్నది. ఆమె అడిగినప్పుడెల్ల, "సొంత యింట్లో పెట్టుకుందువులే" అన్నాను. ఆ సొంత యిల్లు నేటికిని పునాదిమట్టము దాటలేదు. దీనికంతటికి నేను పెట్టుకొన్న పేరు వైరాగ్యము. అడ్వాన్సు తిరిగి రాదేమోనన్న భయము, రెండు రూపాయలు మిగులునన్న లోభము ఆ పేరు చాటున సుఖముగా కాపురము చేసినవి. వైరాగ్యమైనచో విడిచిపెట్టవలసినది నాదైన వస్తువును. నేను విడిచినది ఆమె ముచ్చటను.

అట్లని ఈ కాలపు అలంకరణమంతయు మంచిదనను. కంతులమీద సోఫా, అది కనబడుటకు కంతులమీద దీపములు, కంతులు తీరకముందే యిల్లు మారుట కన్నులార చూచుచున్నాము. చూచువారి కొరకు కొన్నది చూచువారు లేచిపోగానే బరువగును. అమ్మాయి పరదాలకు పోచంపల్లి గుడ్డ తెచ్చినది. ఆ నేతలో నూలును ముందే ముడులు కట్టి రంగులో ముంచి ఆపై మగ్గమెక్కింతురు. కావున పువ్వు గుడ్డకు రెండువైపులను పడును. వీధికొక ముఖము, లోపలికొక ముఖము ఉండదు. జేడర దాసిమయ్య మగ్గముపై, మేదర కేతయ్య వెదురుపై కాయకము చేసిన శరణులు. వారి పనిముట్లు పట్టినవారు నేడును మనమధ్య ఉన్నారు. గుడ్డయో, బుట్టయో వారియొద్ద కొన్నచో ఆ సొమ్ము ఇంకొక యింట పొయ్యి వెలిగించును. ఇది చవుకయని చెప్పను. మిల్లు గుడ్డకంటె అమ్మాయికి కొంత ఎక్కువే పడినది.

మేకుల విషయము యజమానిని అడుగవలెనని నేను పట్టుపట్టినాను. అడుగుట మర్యాద. ఆయన నాలుగింటికి సమ్మతించినాడు. రెండు గోడ అరకు పోయినవి, ఒకటి పటమునకు.

రెండవసారి వెళ్ళినప్పుడు ఆమె ట్రంకుపెట్టెలోని ఏనుగును తెచ్చి, నన్నడుగకయే, అర మీద నిలిపినది. తొండము విరిగియున్నది, ఎన్నవ బదిలీలోనో. కొండపల్లివారు తెల్లపొణికి కొయ్యలో ఒక్కొక్క అంగమును వేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. అర బిగించిన వడ్రంగియొద్ద గుప్పెడు పొట్టు అడిగి తెచ్చినాను. అతుకు కొంచెము వంకరగా వచ్చినది. ఆమె చూచి నవ్వినది, ఏమియు అనలేదు.

నాలుగవ మేకు ఇంకను కొట్టలేదు. ఎక్కడ కొట్టవలెనో చెప్పుమని అమ్మాయి వాళ్ళమ్మను అడుగుచున్నది.