పిల్లి కన్ను తీయించడం ధర్మమేనా?

“అల్లాహ్ ఇచ్చిన కన్ను తీసేయడానికి మనమెవరం?” పెంపుడు పిల్లి కనుగుడ్డు తీసేయక తప్పదని పశువైద్యుడు చెప్పినప్పుడు మన ఇళ్ళలో వినిపించే మొదటి మాట ఇది. ఎక్కువగా ఇంటి పెద్దావిడ నోటి నుంచే వస్తుంది. అందులో దైవభీతి ఉంది కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే దాని వెనకే మరో మాట వస్తుంది: “వదిలెయ్యండి, దాని తఖ్దీరు ఎలా ఉంటే అలా జరుగుతుంది.” మొదటిది ప్రశ్న. రెండోది ఆ ప్రశ్న నుంచి తప్పించుకునే దారి. ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

ముందు విషయమేమిటో తెలుసుకుందాం. కన్ను తీసేయాలని వైద్యుడు ఊరికే చెప్పడు. కుక్క కరిచో, బండి తగిలో కనుగుడ్డు బయటికి వచ్చేసినప్పుడు, కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు పోయి నొప్పి మాత్రమే మిగిలినప్పుడు, కంటిలో కణితి పుట్టినప్పుడు చెబుతాడు. వీధుల్లో దొరికే పిల్లికూనల్లో తరచూ కనిపించే కారణం మరొకటి ఉంది. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే జలుబు కళ్ళకు పాకి, నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. సకాలంలో వైద్యం అందకపోతే గుడ్డుకు చిల్లు పడుతుంది. గాయపడి చూపు పోయిన గుడ్డును లోపలే వదిలేస్తే కొన్ని పిల్లుల్లో ఏళ్ళ తర్వాత అక్కడే కేన్సర్ పుట్టే ప్రమాదం కూడా ఉంది.

పైగా పిల్లి నొప్పిని దాచుకునే జీవి. అరవదు. మంచం కిందికి దూరుతుంది, ఒళ్ళు నాక్కోవడం మానేస్తుంది, తిండి తగ్గిస్తుంది, కన్ను చికిలించుకుని ఓ మూల కూర్చుంటుంది. “అరవడం లేదుగా, బాగానే ఉంది” అని మనం అనుకుంటాం.

ఇక ధర్మం మాటకొద్దాం. మనుషుల చేత పశువుల చెవులు కోయిస్తాననీ, దైవసృష్టిని మార్పిస్తాననీ షైతాను చేసిన ప్రతిజ్ఞ గురించి దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరా 119వ ఆయతులో హెచ్చరిక ఉంది. అజ్ఞాన కాలపు అరబ్బుల్లో ఒక ఆచారం ఉండేది. ఎవరి ఒంటెల మందైనా వెయ్యికి చేరితే, దిష్టి తగలకుండా మగ ఒంటె కన్ను పొడిచేసేవారు. జమఖ్షరీ వంటి వ్యాఖ్యాతలు ఈ ఆయతు వివరణలో ఒంటె కన్ను పొడవడాన్ని ఉదాహరణగా పేర్కొన్నారు కూడా. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనాకు వచ్చినప్పుడు అక్కడి జనం బతికున్న ఒంటెల మూపురాలు, గొర్రెల తోక కొవ్వు కోసుకుని తినేవారు. ప్రాణంతో ఉన్న జంతువు నుంచి కోసినది చచ్చినదానితో సమానమని ఆయన తీర్పు చెప్పారు (అబూ దావూద్, తిర్మిజీ). ముఖం మీద వాత పెట్టిన గాడిదను చూసి, ఆ పని చేసినవాణ్ణి శపించారు (ముస్లిం).

కాబట్టి పెద్దావిడ భయం ఆధారం లేనిది కాదు. కానీ ఈ మూడు సందర్భాల్లో ఆ గాయం ఎవరి కోసం చేశారో చూడండి. కన్ను పొడిచింది యజమాని సంపదకు దిష్టి తగలకుండా. మూపురం కోసింది యజమాని కడుపు కోసం. వాత పెట్టింది యజమాని గుర్తు కోసం. ఒక్కదాంట్లోనూ ఆ మూగజీవికి మేలు లేదు. శస్త్రచికిత్స వేరు. హజ్రత్ జుబైర్ (రజి) కుమారుడు, ప్రసిద్ధ తాబియీ ఉర్వా (రహ్మ) కాలికి కుళ్ళు పట్టినప్పుడు, అది పైకి పాకకుండా కాలు తీయించుకున్నారు. అది సృష్టిని మార్చడమని ఆయనను ఎవరూ తప్పుపట్టలేదు. ప్రాణం కోసం అవయవాన్ని వదులుకోవడం వైద్యమే.

అయితే ఒక తేడా ఉంది. ఉర్వా తన కాలి గురించి తానే నిర్ణయించుకున్నారు. పిల్లిని అడిగే వీలు లేదు. దాని బదులు మనం నిర్ణయిస్తాం. అందుకే ఇది మన చేతిలోని అమానతు. అమానతు విషయంలో ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న: ఇక్కడ ఇబ్బంది ఎవరిది? చీము కారే కన్ను చూడలేక, ఇంటికొచ్చే చుట్టాల ముందు నామోషీగా ఉండి తీయించాలనుకుంటే, అది మన ఇబ్బంది. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేసే ఓపిక లేక “తీసేయండి డాక్టరుగారూ” అనేవాళ్ళూ ఉన్నారు. మందులతో నయమయ్యే కన్నును అలా తీయించడం అన్యాయం. అలాగే కుట్లు వేసిన ముఖాన్ని ఊహించుకుని కడుపులో తిప్పినట్లయి “పాపం, వద్దులే” అనడమూ మన ఇబ్బందే. దానికి దయ అని పేరు పెట్టుకుంటాం. పిల్లికి అద్దంతో పని లేదు. ఒంటికన్నుతో తన ముఖం ఎలా ఉందో దానికి పట్టదు. నొప్పి మాత్రం అదే పడుతుంది.

తఖ్దీరు మాట అనేవారికి ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమన్న ప్రవక్త (స) ఉపదేశం గుర్తుండే ఉంటుంది. ఇంకా భయపెట్టే హదీసు మరొకటి ఉంది. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ నరకం పాలైన వృత్తాంతం మన పిల్లలకు కూడా తెలుసు (బుఖారీ, ముస్లిం). ఆమె దాన్ని కొట్టినట్లు ఆ హదీసులో లేదు. తానూ పెట్టలేదు, బయట ఏదో ఒకటి ఏరుకు తినేందుకూ వదల్లేదు. తలుపు మూసిన తర్వాత ఆ ప్రాణి అవసరాలన్నీ ఆమె మీదే పడ్డాయి, ఆమె పట్టించుకోలేదు. మన ఇంట్లో పెరిగే పిల్లి వైద్యం కోసం తనంతట తాను ఎక్కడికి పోగలదు?

హిజ్రీ 660లో (క్రీ.శ. 1262) మరణించిన గొప్ప పండితుడు ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) మనిషి మీద పశువులకున్న హక్కుల్ని వివరిస్తూ, పశువు రోగంతోనో ముసలితనంతోనో దేనికీ పనికిరాకుండా పోయినా దాని పోషణ ఖర్చు యజమానే భరించాలన్నారు. ఎలుకలు పట్టలేని పిల్లికి కూడా ఇది వర్తిస్తుందని వేరే చెప్పనక్కర్లేదు.

“ఆ డబ్బుతో ఒక పేదపిల్లకు ఫీజు కట్టొచ్చు కదా” అంటారు కొందరు. మంచి మాటే, నిజంగా కట్టేట్లయితే. చాలా ఇళ్ళలో ఆ డబ్బు పేదపిల్లకూ పోదు, పిల్లికీ పోదు, కొత్త కర్టెన్లకు పోతుంది. జకాత్ సొమ్మును మాత్రం దీనికి వాడకూడదు. దాని హక్కుదారులు తౌబా సూరా 60వ ఆయతులో నిర్ణయమైపోయారు. సొంత జేబులోంచి పెట్టాలి. అప్పుల పాలై చేయించమని షరీఅత్ ఎవరినీ బలవంతపెట్టదు. ప్రైవేటు ఖర్చు భరించలేనివారు ప్రభుత్వ పశువైద్యశాలలో అడగవచ్చు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనూ విచారించవచ్చు. ప్రాణి ఏ వైద్యానికీ లొంగని బాధలో ఉన్నప్పుడు ఏం చేయాలన్న దానిపై పండితుల మధ్య అభిప్రాయభేదం ఉంది. అలాంటప్పుడు నమ్మకమైన ఆలిమ్‌ను సంప్రదించాలి.

చేయించాలని నిశ్చయించుకున్నాక దాని బాధ్యతలు చాలానే ఉంటాయి. మన కళ్ళకు వాడే చుక్కల మందు పిల్లికి వేయకండి. పుండుపడిన కంటిలో స్టెరాయిడ్ మందు పడితే గుడ్డు కరిగిపోవచ్చు. సుర్మా, తేనె, పసుపు లాంటివీ వద్దు. నొప్పిగా ఉందని పారాసిటమాల్ అసలే ఇవ్వకూడదు. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష చేస్తారు. మత్తు ఇస్తారు కనుక ముందు రాత్రి నుంచి తిండి ఆపమంటారు. చిన్న కూనలకు ఈ గడువు తక్కువ, ఎన్ని గంటలో వైద్యుణ్ణి అడగాలి. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ జాలిపడి పాలగిన్నె పెట్టకుండా చూడటమే అసలు కష్టం. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు.

ఆపరేషన్‌లో గుడ్డు తీసేసి రెప్పలు కలిపి కుట్టేస్తారు. ఇంటికి తెచ్చిన రోజు ఆ చోట ఉబ్బి కమిలి ఉంటుంది. అటువైపు ముక్కులోంచి ఒకటి రెండు రోజులు ఎర్రటి నీరు కారవచ్చు, బెంబేలు పడనక్కర్లేదు. రక్తం ఆగకుండా కారినా, వాపు పెరుగుతున్నా, చీము కనిపించినా, ఒక రోజంతా ఏమీ తినకపోయినా వెంటనే తీసుకెళ్ళాలి. రోజుల తరబడి తినని పిల్లికి కాలేయం చెడిపోతుంది. తిండి కాస్త గోరువెచ్చగా పెడితే వాసనకు లేస్తుంది. మెడకు వేసిన గరాటు లాంటి ప్లాస్టిక్ కాలర్ చూసి పిల్లలు “పాపం, తీసేద్దాం” అని ఏడుస్తారు. కుట్లు విప్పే దాకా, అంటే 10 నుంచి 14 రోజులు, దాన్ని తీయకూడదు. మలమూత్రాల తొట్టెలో మట్టికి బదులు చింపిన కాగితాలు వేస్తే గాయంలోకి దుమ్ము పోదు.

దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే వుజూ ఏమవుతుందని అడిగేవారున్నారు. పిల్లి అపవిత్రమైనది కాదు, అది మన మధ్య తిరిగే ప్రాణి అన్న ప్రవక్త (స) మాటను హజ్రత్ అబూ ఖతాదా (రజి) తన కోడలికి వినిపించారు. అప్పుడాయన తన వుజూ పాత్రను వంచి పిల్లికి నీళ్ళు తాగించారు. గాయం నుంచి రక్తమో చీమో బట్టకు అంటితే మాత్రం కడుక్కుని నమాజు చేయాలి.

కుట్లు మానాక కొందరు చేసే పని చెప్పడానికి బాధగా ఉంది. ఒంటికన్ను పిల్లి ఎదురైతే అపశకునమని చుట్టుపక్కలవారు అనగానే సంచిలో వేసి ఏ మార్కెట్ దగ్గరో వదిలేసి వస్తారు. శకునాలు లేవని ప్రవక్త (స) స్పష్టంగా చెప్పారు. దిష్టి భయంతో ఒంటె కన్ను పొడిచినవారికీ, దిష్టి భయంతో ఒంటికన్ను పిల్లిని వదిలేసినవారికీ పెద్ద తేడా ఏముంది? ఒక పక్క చూపు లేని పిల్లికి వాహనాలు, కుక్కలు ఆ పక్క నుంచే వస్తాయి.

ఇంట్లో ఉంచితే కొద్ది వారాల్లో అలవాటు పడుతుంది. మొదట్లో గోడ ఎక్కబోయి దూరం తప్పుతుంది, గిన్నెను తన్నేస్తుంది. మీసాలు, చెవులు మెల్లగా ఆ లోటు పూరిస్తాయి. ఆ రోజుల్లో సామాన్లు అటూ ఇటూ జరపకండి. బడి నుంచి వచ్చే పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి: చూపులేని పక్క నుంచి చటుక్కున తాకకూడదు, ముందు పేరు పెట్టి పిలవాలి, అది తల తిప్పాక చెయ్యి చాపాలి.