దొరకనిది మానేస్తే అది ఉపవాసమా?



మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒక మాట అంటుంటారు, వినే ఉంటారు. డబ్బాలో బియ్యం నిండుకుని పొయ్యి వెలగని రోజు, "ఈరోజు మనింట్లో ఏకాదశే" అంటారు. మనకి నవ్వొస్తుంది. ఏకాదశి అంటే తిండి ఉండి మానేయడం, ఇక్కడ అసలు తిండే లేదు. కడుపు రెండు చోట్లా ఖాళీయే. అయినా ఆ రెండూ ఒకటి కాదని అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే అది జోకు అయింది.

2020 మార్చి నుంచి ఏడాది పాటు ఈ జోకులోనే మనమంతా బతికాం. గుడికి వెళ్ళలేదు, తీర్థయాత్ర చేయలేదు, పెళ్ళిళ్ళలో పంక్తి భోజనం లేదు, సినిమా లేదు, బయట తిండి లేదు. ఏడాది దగ్గర పడుతుంటే వాట్సాప్‌లో ఒక మాట తిరిగింది: "మనకి తెలియకుండానే ఏడాదంతా తపస్సు చేశాం" అని. వినడానికి బాగుంది. కానీ నిజంగా చేశామా? ఈ పోస్టులో దాని గురించే ఆలోచిద్దాం.

ఈ ప్రశ్న మనకొక్కరికే రాలేదండీ. 2021 ఫిబ్రవరి 17, బుధవారం నుంచి క్రైస్తవులకి లెంట్ మొదలైంది. మన తెలుగు చర్చిల్లో శ్రమకాలం అంటారు, కేథలిక్కులైతే తపస్సు కాలం అంటారు. అక్కడి నుంచి ఈస్టర్ దాకా, మధ్యలో ఆదివారాలు తీసేస్తే, సరిగ్గా 40 రోజులు. ఇష్టమైనది ఏదో ఒకటి వదిలిపెట్టి, ప్రార్థన, ఉపవాసం, దానం పెంచుకునే కాలం అది. కార్తీకం, చాతుర్మాస్యం చూసిన మనకి ఇదేమీ కొత్తగా అనిపించదు.

అమెరికాలో ఉంటున్న మన ప్రేక్షకులు ఎపిస్కోపల్ చర్చి అనే బోర్డు చూసే ఉంటారు. ఇంగ్లాండు చర్చి సంప్రదాయానికి అది అమెరికా శాఖ. అదే సంప్రదాయం మన నంద్యాలలోనూ ఉంది. 1947 సెప్టెంబరు 27న వేరువేరు చర్చిలు కలిసి సీఎస్ఐగా ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్లు వెంటనే చేరలేదు, తర్వాతే చేరారు. అంటే మనం మాట్లాడుకుంటున్నది ఎక్కడో సముద్రాల అవతలి సంగతి మాత్రమే కాదు.

లెంట్ మొదటి రోజుని భస్మ బుధవారం అంటారు. ఆ రోజు నుదుటి మీద బూడిదతో సిలువ గుర్తు పెడతారు. నువ్వు మట్టివి, మట్టిలోనే కలుస్తావు అని గుర్తు చేయడానికి. ఆ బూడిద ఎలా వస్తుందో తెలుసా? ముందటి ఏడాది మట్టల ఆదివారం నాడు చేత పట్టుకున్న మట్టలని ఎండబెట్టి కాల్చి చేస్తారు. 2020లో మట్టల ఆదివారం ఏప్రిల్ 5న వచ్చింది. మన దగ్గర అప్పటికి లాక్‌డౌన్ పెట్టి 11 రోజులు. అమెరికాలోనూ చాలా చర్చిలు మూతపడి ఉన్నాయి. మట్టలు పట్టుకోవడానికి మనుషులే రాని చోట, 2021లో కాల్చడానికి మట్టలు ఎక్కడివి? కొన్ని చర్చిలు బూడిదని చిన్న పొట్లాలు కట్టి ఇళ్ళకి పంపాయి. కొన్ని చోట్ల కారు దిగకుండానే పెట్టే ఏర్పాటు చేసుకున్నాయి.

ఇవన్నీ ఏర్పాట్లు. అసలు చిక్కు ఇంకొకటి ఉంది. వాళ్ళ ఆరాధనకి గుండెకాయ లాంటిది ప్రభు భోజనం. అందరూ ఒకచోట చేరి, ఒకే రొట్టె, ఒకే గిన్నెలోని ద్రాక్షారసం పంచుకోవడం. అంటువ్యాధి రోజుల్లో ఒకే గిన్నెకి అందరూ నోరు పెట్టడం కుదరదు కదా. నెలల తరబడి అది ఆగిపోయింది. అప్పుడు కొందరు దానికి ఉపవాసం అని పేరు పెట్టారు. ప్రభు భోజనాన్నే ఉపవాసంగా వదులుకున్నాం అన్నారు. ఆ మాట ఎంతోమందికి ఓదార్పు ఇచ్చింది. మరికొందరు ఒప్పుకోలేదు. ఉపవాసం మనం ఎంచుకునేది, ఇది మన చేతిలోంచి లాగేసుకున్నది, దీన్ని ఆకలి అనండి, ఉపవాసం అనకండి అన్నారు. ఏడాది పొడవునా ఏదో ఒకటి వదులుకుంటూనే వచ్చినవాళ్ళని, ఆ 17వ తారీఖు నుంచి ఇంకేం వదులుకుంటారు అని అడగాల్సి వచ్చింది.

మన ఏకాదశి జోకే కదా ఇది! అవతల చర్చి, ఇవతల వంటిల్లు. ప్రశ్న మాత్రం ఒకటే.

ఇప్పుడు మన తుంగభద్ర ఒడ్డుకి వద్దాం. గురుడు మకర రాశిలోకి రావడంతో 2020 నవంబరు 20 నుంచి డిసెంబరు 1 దాకా తుంగభద్ర పుష్కరాలు జరిగాయి. పన్నెండేళ్ళకి ఒక్కసారి వచ్చే పండుగ. మంత్రాలయం, పక్కనే మాధవరం, ఇటు ఎమ్మిగనూరు, ఆదోని... ఈ ప్రాంతమంతా ఎదురుచూసిన పన్నెండు రోజులు. కానీ నదిలో మునగడానికి అనుమతి లేకపోయింది. పిండప్రదానం లాంటి కర్మలు చేసుకోవచ్చు, నీళ్ళు తల మీద చల్లుకోవచ్చు, అంతే అన్నారు. 65 ఏళ్ళు దాటినవాళ్ళు, పదేళ్ళలోపు పిల్లలు ఇంట్లోనే ఉండటం మంచిదని నిబంధనలు చెప్పాయి.

ఒక్క క్షణం ఆలోచించండి. పుష్కరస్నానం కోసం అందరికన్నా ఎక్కువ తపించేది ఎవరు? 78 ఏళ్ళ అవ్వ. మనం పాతికేళ్ళ వాళ్ళం, 2032లో మునుగుదాంలే అనుకోగలం. ఆవిడకి ఆ లెక్క కుదరదు. ఆవిడకి అదే ఆఖరి పుష్కరం కావచ్చు. "పోనీలే అవ్వా, మనసులో చేసుకో" అని మనం తేలిగ్గా అనేస్తాం. శాస్త్రంలో మానస స్నానం ఉన్న మాట నిజమే. స్నానాలు ఏడు రకాలని చెబుతారు, అందులో భస్మం పూసుకోవడం కూడా ఒక స్నానమే, ఆగ్నేయం అంటారు. నీళ్ళలో మునిగేది వాటిలో ఒక్కటే. కానీ ఆ మాట ఆవిడ అనుకుంటే భక్తి. ఏమీ పోగొట్టుకోని మనం ఆవిడకి చెబితే, నోరు మూయించడం. పోయినది పోయిందని ముందు ఒప్పుకోవాలి. నష్టానికి వ్రతం అని పేరు పెట్టేస్తే నష్టం తీరిపోదు.

ఇంకొంచెం కష్టమైన ఉదాహరణ. ఈ పడమటి కర్నూలు ఊళ్ళ నుంచి ఏటా వేలమంది సుగ్గికి పోతారు. అంటే ఇక్కడ పనులు లేని కాలంలో గుంటూరు వైపు మిరప కోతకి, పత్తి తీతకి పిల్లాపాపలతో వలస వెళ్ళడం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడినప్పుడు వాళ్ళలో చాలామంది అక్కడే చిక్కుకుపోయారు. చేతిలో పని లేదు, ఇంటికి రావడానికి బండి లేదు. ఆ రోజుల్లో వాళ్ళు తినకుండా గడిపిన పూటల్ని "తెలియకుండా చేసిన తపస్సు" అనగలమా? అంటే మన నోరు ఏమవ్వాలి?

కాబట్టి తేడా ఎక్కడుందో చూద్దాం. మన పూజల్లో ప్రతిదానికీ ముందు సంకల్పం ఉంటుంది. దేశం, కాలం, గోత్రం, పేరు చెప్పుకుని "కరిష్యే" అంటాం. నేను చేస్తాను అని. ఈ ఊళ్ళో, ఈ తిథిన, ఫలానా నేను, ఫలానా కారణానికి. ఎంత పట్టింపు చూడండి! ఎందుకంటే సంకల్పం లేని ఆకలి ఆకలే. ఇంకో సంగతి కూడా ఉంది. సంకల్పంలో మన పేరు ఉంటుంది. ఎదుటివాడి ఆకలిని అతని బదులు మనం వ్రతంగా మార్చేయలేం. ఆ హక్కు మనకి లేదు.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావాలి. అనుకోకుండా వచ్చినదాన్ని సంతోషంగా స్వీకరించమని గీత చెబుతుంది కదా, మనం ఎంచుకోని కష్టాన్ని కూడా భగవంతుడికి అర్పించవచ్చు కదా అని. తప్పకుండా అర్పించవచ్చు. శరణాగతి అంటే అదే. ఎంచుకోనిది కూడా వ్రతం అవుతుంది. కాకపోతే దానంతట అది అవదు. నా ముందున్న ఆంక్షని నాదిగా చేసుకోవాలంటే, అది ఎందుకు పెట్టారో ఆ కారణం కూడా నాది కావాలి. ఆ రోజుల్లో పోలీసు ఫైన్ వేస్తాడని మాస్కు పెట్టుకుని ఉంటే అది చలానా భయం. ఎదుటివాడి ఊపిరికి నా వల్ల హాని జరగకూడదని పెట్టుకుంటే? అదే గుడ్డముక్క, వేరే పని.

ఇది నేను కొత్తగా కల్పించి చెబుతున్నది కాదు. చాతుర్మాస్యంలో యతులు ఊళ్ళు తిరగడం మానేసి ఒకేచోట ఉండిపోతారు, ఎందుకు? వానాకాలంలో నేల మీద పురుగూ పుట్రా, చిన్న చిన్న ప్రాణులు విస్తారంగా పుడతాయి. దారిన నడిస్తే పాదాల కింద పడి చచ్చిపోతాయి. ఆ హింస జరగకూడదని కదలకుండా ఉంటారు. చూశారా! కంటికి సరిగ్గా కనపడని ప్రాణులకి నా కదలిక వల్ల చావు రాకూడదని ఉన్నచోటే ఉండిపోవడం. లాక్‌డౌన్‌కి ఇంతకంటే మంచి అర్థం ఎవరు చెప్పగలరు? యతుల పద్ధతిని మనం ఎప్పుడో మరిచిపోయాం, ఒక జబ్బు వచ్చి గుర్తు చేసింది.

మధ్వ సంప్రదాయంలో ఆ నాలుగు నెలలూ వరుసగా ఒక్కోటి వదులుతారు. మొదట కూరలు, తర్వాత పెరుగు, తర్వాత పాలు, ఆఖర్న పప్పుధాన్యాలు. 2020లో జూలై 1న తొలి ఏకాదశి. మధ్యలో అధిక ఆశ్వయుజం రావడంతో చాతుర్మాస్యం అయిదు నెలలు నడిచింది. బయట అప్పటికే కూరలు దొరకక ఇబ్బంది పడ్డవాళ్ళున్నారు. అయినా ఈ వ్రతం పట్టేవాళ్ళు, "ఎలాగూ దొరకడం లేదు కదా" అని లెక్క సరిపెట్టుకోరు. దొరికే పెరుగు దొరుకుతున్నప్పుడే దాన్ని పక్కన పెడతారు.

మాధవరం పేరు ఎత్తాను కాబట్టి ఒక మాట. రాఘవేంద్రస్వామి తన బృందావనానికి రాయిని ఈ మాధవరం నుంచే తెప్పించుకున్నారని, శ్రీరాముడు కూర్చున్న రాయి అదని మఠ సంప్రదాయం చెబుతుంది. 1671 శ్రావణ బహుళ విదియ నాడు ఆయన తనంతట తానుగా ఆ బృందావనంలోకి వెళ్ళారు. చుట్టూ రాళ్ళు పేర్చి మూసేశారు. 2020 ఆగస్టులో 349వ ఆరాధన భక్తుల రద్దీ లేకుండానే జరిగింది. మనం నాలుగు గోడల మధ్య ఇరుక్కుపోయామని విసుక్కుంటూ ఫోన్‌లో చూశాం. నాలుగు గోడల మధ్యకి ఆయన ఎందుకు వెళ్ళారు? తనని పిలిచేవాళ్ళకి ఎప్పటికీ అందుబాటులో ఉండటానికి అని భక్తుల నమ్మకం. గోడలు రెండు చోట్లా గోడలే. లోపలున్నవాళ్ళు ఎవరి కోసం ఉన్నారన్నదే తేడా.

సరే, ఇప్పుడు మనం ఏం చేయాలి? ఏటా భీష్మ ఏకాదశి వస్తుంది, మహాశివరాత్రి వస్తుంది. మీలో చాలామంది ఉపవాసం ఉంటారు. మూడు పనులు చేసి చూడండి.

మొదటిది, మీ దగ్గర నిజంగా ఉన్నదాన్నే వదలండి. థియేటర్‌కి ఎలాగూ వెళ్ళడం లేదు కాబట్టి సినిమా వదిలేశాను అంటే కుదరదు. మన దగ్గర బోలెడు ఉన్నవేంటి? ఫోను, ఓటీటీ, ఇంట్లోవాళ్ళ మీద చిరాకు. అందులోంచి ఒకటి తీయండి.

రెండోది, వదిలినదాని విలువ ఎవరికైనా చేరాలి. లెంట్‌లో ఉపవాసం పక్కనే దానం ఉన్నట్టు, మన ఏకాదశి పక్కనే ద్వాదశి పారణ ఉంది, అతిథికి పెట్టి తినమన్నారు. మానేసిన పూట ఖర్చు ఎంతో లెక్కేయండి. మీ వీధిలో, మీ అపార్ట్‌మెంట్‌లో పని పోయినవాళ్ళు ఎవరున్నారో మీకు తెలుసు. అక్కడికి చేర్చండి. గుప్తంగా.

మూడోది, మీ ఇంట్లో పుష్కరానికి వెళ్ళలేకపోయిన అవ్వ, తాత ఉంటే, వాళ్ళకి తత్వం చెప్పకండి. పక్కన కూర్చోండి. అంతకు ముందుసారి, 2008లో, వాళ్ళు ఎలా మునిగారో అడగండి. వాళ్ళు చెప్పేదాకా వినండి.

అప్పుడు ఆ గడిచిన ఏడాది తపస్సు అయిందా లేదా అన్న ప్రశ్నకి మనం జవాబు వెతుక్కోనక్కర్లేదు. గడిచిన ఆకలికి ఇప్పుడు పేరు మార్చలేం. దానివల్ల పక్కవాడి ఆకలి మనకి తెలిసొచ్చి, రాబోయే ఏకాదశిన చెయ్యి ముందుకి వస్తే, అదే చాలు.

శివరాత్రికి మీరు ఏం వదలబోతున్నారో ముందుగా మనసులో గట్టిగా అనుకోండి. మన పేరుతో, మన ఊరి పేరుతో, "కరిష్యే" అని.

శుభం.