తాహతునకు తగిన బండి

పుదుచ్చేరిలోని తేంగాయితిట్టు రేవున వేకువనే చేపలు కొని, వీధివీధికి తిరిగి విక్రయింపదలచిన నూతన వర్తకుడు మొట్టమొదట విచారింపవలసినది వాహనముయొక్క సొగసు కాదు. దినమునకెంత సరకును, ఎంత దూరము, ఏ సందులలో మోయవలెనన్నదియే. ఒక్క ఐసుపెట్టెకు, 1980లో హోసూరున వెలువడిన టీవీఎస్ 50 నాటినుండి మనమెరిగిన మోపెడ్ చాలును. గిరాకి నిలుకడగా కుదిరిన పిమ్మటనే, 2005లో వచ్చిన టాటా ఏస్ వంటి చిన్న లారీని తలపెట్టవచ్చును. పాతబండి కొనువారు, ఉప్పుగాలియు, కరిగిన ఐసునీరును ఇనుమును తినివేయునని యెరిగి, పైరంగును గాక అడుగుభాగమును వంగి చూడవలెను. కొన్న వెలతో వ్యయము తీరదు. బీమాయు, నెలవాయిదాయు బేరము లేని దినములందును తప్పవు. కావున తూర్పుతీరమున మరపడవల వేట నిలిచిపోవు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు గల 61 దినములలోను ఋణము తీర్చుకొనగల బండియే తాహతునకు తగిన బండి.